ఆవిరి లెక్క: హైదరాబాదు ఇంట్లో 180 లీటర్ల పగడపు తొట్టె

ఉప్పునీటి తొట్టెల గురించి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం చలిదేశాల వారు రాసినది. అందులో హీటరు ఎన్ని వాట్లు ఉండాలన్న చర్చే పేజీలకు పేజీలు సాగుతుంది. మల్కాజిగిరిలో మూడో అంతస్తున, పడమటి గోడకు ఆనుకొని ఉన్న మా హాలులో ఫిబ్రవరి చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు హీటరు ఒక్క రోజు కూడా వెలగలేదు. ఈ ఏడు నెలల నోటుపుస్తకంలో ఏ పేజీ తిప్పినా కనిపించే అంకె ఒక్కటే: ఆ రోజు ఎన్ని లీటర్ల నీరు ఆవిరైంది అన్నది. వేడి, ఉప్పు, నాచు, ఒక రాత్రి నేలంతా తడిసిన ప్రమాదం అన్నీ ఆ అంకె దగ్గరికే చేరుకున్నాయి కాబట్టి, ఇక్కడ తొట్టె పెట్టదలచినవారి కోసం ఆ లెక్కలను వరుసగా రాస్తున్నాను.

దశ 1: తొట్టె, అసలు ఘనపరిమాణం (ఫిబ్రవరి చివర – మార్చి)

తొట్టె 90 × 45 × 45 సెంటీమీటర్లు, గాజు మందం 10 మిల్లీమీటర్లు. కొలతలను గుణిస్తే 182 లీటర్లు వస్తుంది కానీ ఆ అంకెతో పని జరగదు. పైన ఐదు సెంటీమీటర్ల ఖాళీ, గాజు మందం, లోపలి రాళ్లు ఇవన్నీ తీసివేయాలి. కింది సంప్‌లో ఉన్న నీటిని కలపాలి. (సంప్ అంటే ఇక్కడ ఇంటి కింద ఉండే నీళ్ల సంపు కాదు, స్టాండు లోపల ఫిల్టరు పరికరాలు ఉండే రెండో తొట్టె.) లెక్కలు వేసుకునే బదులు 20 లీటర్ల తాగునీటి క్యానుతో పోస్తూ లెక్కపెట్టాను. రాళ్లు, ఇసుక లోపల ఉండగా సరిగ్గా తొమ్మిది క్యాన్లు పట్టింది. 180 లీటర్లు. ఆ తరువాత చేసిన ప్రతి లెక్కకూ ఇదే ఆధారం.

ఉప్పు (తొట్టెల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం): లీటరుకు సుమారు 37 గ్రాముల చొప్పున 6.66 కిలోలు. రోడ్డు మీద సముద్రం మాకు 300 కిలోమీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి సూర్యలంక నుంచి నీరు తెచ్చుకునే ఆలోచన పెట్టుకోలేదు.

రాళ్లు 18 కిలోలు, అన్నీ పొడివి, మనుషులు తయారుచేసినవి. ఈ విషయంలో ఎవరికీ సందేహం ఉండకూడదు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి ఎంత అందంగా ఉన్నా, ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకూడదు. నా తొట్టెలో ఉన్న పగడపు రకాలు జోయాంథిడ్లు, పుట్టగొడుగు ఆకారపు మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్. ఇవి సున్నపు అస్థిపంజరం కట్టని మెత్తనివి. చేపలు రెండే, హాచరీలో పుట్టిన క్లౌన్ చేపలు. వాటిని మన దేశంలోనే పెంచే పద్ధతిని సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు స్థిరపరిచారు కాబట్టి అడిగి తీసుకోవచ్చు.

చేపల వ్యర్థాలను మార్చే బాక్టీరియా ముందుగా పెరగాలని అమ్మోనియా 2 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో రెండు) వచ్చేలా వేసి, అది నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారి, మొదటి రెండూ సున్నాకు చేరడానికి 31 రోజులు పట్టింది. ఇందులో తొందరపడకపోవడం తప్ప చెప్పవలసినది లేదు.

ఖర్చు: తొట్టె, స్టాండు, సంప్ 21,000, రాళ్లు, ఇసుక 9,200, రిటర్న్ పంపు (సంప్ నీటిని తిరిగి పైకి పంపేది), రెండు వేవ్‌మేకర్లు (నీటిని కదిలించేవి) 9,400, స్కిమ్మర్ (మురికిని నురగగా తీసి కప్పులో చేర్చేది) 8,800, లైటు 11,500, ఉప్పు 8,200, పరీక్ష కిట్లు, రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి నీటి ఉప్పదనాన్ని చూపేది) 7,900.
ఇప్పటివరకు మొత్తం: రూ. 76,000 (చేపలు, పగడాల ఖర్చు ఈ లెక్కలో లేదు).

దశ 2: రిఫ్రాక్టోమీటర్ చెప్పిన తప్పు (ఏప్రిల్ మొదటి వారం)

పది నత్తలను, ఏడు మొగ్గలున్న ఒక జోయాంథిడ్ ముక్కను వదిలాను. రెండో రోజుకు నాలుగు నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. జోయాంథిడ్ మొగ్గలు ఆరు రోజులపాటు విచ్చుకోలేదు. పిడికిలి బిగించినట్లు ముడుచుకొనే ఉన్నాయి. లవణీయత 35 పి.పి.టి. (వెయ్యి భాగాల్లో 35) అని పరికరం చూపుతూనే ఉంది. అమ్మోనియా సున్నా, ఉష్ణోగ్రత 27. ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల కొలత, దాని ప్రమాణం డి.కె.హెచ్.) మాత్రం 9.2 డి.కె.హెచ్. చూపింది, ఉప్పు డబ్బా మీద ఉన్న అంకె 8.5. ఈ తేడాను ఆ రోజే పట్టించుకొని ఉంటే నత్తలు బతికేవి.

నేను పరికరాన్ని ఆర్.ఓ. నీటితో సున్నా దగ్గర సరిచేశాను. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర కూడా సరిగ్గా ఉండాలని లేదు. 35 పి.పి.టి. ప్రమాణ ద్రావణం తెప్పించి ఒక చుక్క వేసి చూస్తే 32 చూపింది. అంటే అది 35 అని చెప్పిన రోజుల్లో తొట్టెలో ఉన్నది దాదాపు 38. ఆల్కలినిటీ పెరిగినట్లు కనిపించడానికీ ఇదే కారణం: 9.2ను 35తో గుణించి 38తో భాగిస్తే 8.5 వస్తుంది. నీరు చిక్కబడితే అందులోని ప్రతి పదార్థమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి, లవణీయత తేలకుండా మిగతా పరీక్షల ఫలితాలను నమ్మకూడదు.

చేసిన దిద్దుబాటు:

1. ప్రమాణ ద్రావణం పరికరం మీద వేసి, అర నిమిషం ఆగి, స్క్రూతో గీతను 35కు తెచ్చాను.
2. 38 నుంచి 35కు రావడానికి ఎంత ఉప్పునీరు తీసి ఆర్.ఓ. నీరు పోయాలో లెక్కవేశాను: 14.2 లీటర్లు.
3. దానిని నాలుగు రోజులకు పంచి, రోజుకు మూడున్నర లీటర్ల చొప్పున మార్చాను. ఒకేసారి మారిస్తే మిగిలిన నత్తలు కూడా తట్టుకోలేవు.
4. ఐదో రోజు కొలత: 35.1. ఏడో రోజుకు జోయాంథిడ్లు విచ్చుకున్నాయి.

ప్రమాణ ద్రావణం దొరకనివారు ఇంట్లోనే చేసుకోవచ్చు. 3.65 గ్రాముల శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ను 96.35 గ్రాముల శుద్ధజలంలో కరిగిస్తే, కాంతిని వంచే విషయంలో అది 35 పి.పి.టి. సముద్రపు నీటితో సమానంగా ఉంటుంది. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు కావాలి. కల్లుప్పు పనికిరాదు; అందులో తేమ ఉంటుంది.

జోయాంథిడ్ల గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పడం అవసరం. వీటిలో కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ముక్క కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఇవి అంటుకున్న రాయిని ఎట్టి పరిస్థితిలోనూ వేడినీటిలో ఉడికించకూడదు, ఆ ఆవిరి పీలిస్తే ప్రాణాపాయం. చిన్నపిల్లలున్న ఇంట్లో తొట్టెలో చేయి పెట్టడం పెద్దల పని మాత్రమే కావాలి.

ప్రమాణ ద్రావణం 450. ఇప్పటివరకు మొత్తం: రూ. 76,450.

దశ 3: వంటింటి ఫిల్టరు నీరు (ఏప్రిల్)

ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. నేను వంటింట్లోని తాగునీటి ఫిల్టరు నుంచి పట్టి పోశాను. అది కూడా ఆర్.ఓ. ఫిల్టరే కదా అనుకోవడం తప్పు. తాగడానికి రుచిగా ఉండాలని అందులో కొంత మామూలు నీటిని మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది. టి.డి.ఎస్. (నీటిలో కరిగిన లవణాల కొలత) మీటరు పెడితే 80 చూపింది. మూడు వారాలకు ఇసుక మీద గోధుమరంగు పొర, తరువాత రాళ్ల మీద వెంట్రుకల్లాంటి పచ్చనాచు వచ్చాయి. నాచుకు ఎరువుల్లాంటి ఫాస్ఫేట్ 0.18 పి.పి.ఎం., నైట్రేట్ 30.

80 పి.పి.ఎం. తాగేవారికి ఏమీ కాదు. తొట్టె సంగతి వేరు: తరువాత ఫ్యాన్లు పెట్టినప్పటిలా రోజుకు 6 లీటర్లు పోస్తే 480 మిల్లీగ్రాములు, నెలకు 14 గ్రాములకు పైగా లవణాలు లోపల చేరతాయి, బయటికి పోయే దారి ఉండదు. మా బోరు నీటి టి.డి.ఎస్. 870, నల్లా నీటిది 240. గ్రానైటు నేలలోంచి వచ్చే బోరు నీటిలో సిలికా ఉంటుంది, గోధుమరంగు పొరను కట్టే డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మశైవలాలు) తమ గుల్లను కట్టుకునేది దానితోనే.

మార్పు: డీ-అయొనైజేషన్ గొట్టం (మిగిలిన లవణాలను పీల్చేసేది) ఉన్న ప్రత్యేక ఆర్.ఓ. యూనిట్, బూస్టర్ పంపుతో. నల్లా నీరు వచ్చే రోజునే, మళ్లీ నల్లా వచ్చేదాకా సరిపడా పట్టి మూత డ్రమ్ములో నిల్వ చేస్తున్నాను. బయటికి వచ్చే నీటి టి.డి.ఎస్. 0. ఒక లీటరు శుద్ధజలానికి మూడు లీటర్లు వృథా అవుతాయి. నల్లా నీటి నుంచి వచ్చిన ఆ వృథానీరు టి.డి.ఎస్. 320 దాకానే ఉంటుంది కాబట్టి మొక్కలకూ ఇల్లు తుడవడానికీ పోతోంది. నాచును చేత్తో లాగి, వారానికి 20 లీటర్ల చొప్పున నీరు మారుస్తూ వస్తే ఐదు వారాలకు ఫాస్ఫేట్ 0.05కు, నైట్రేట్ 8కి దిగాయి. మందులేవీ వేయలేదు.

యూనిట్ 9,600. ఇప్పటివరకు మొత్తం: రూ. 86,050.

దశ 4: ఫ్యాన్లు (ఏప్రిల్ చివర – మే)

ఏప్రిల్ 27న మధ్యాహ్నం మూడు గంటలకు హాలులో 35.5 డిగ్రీలు, తొట్టెలో 30.1. మష్రూమ్‌ల ఎరుపు వెలిసిపోవడం మొదలైంది. పగడాల రంగుకూ ఆహారానికీ ఆధారమైన సూక్ష్మశైవలాలు వేడికి వాటి ఒంట్లోంచి బయటికి వెళ్లిపోతాయి. ఎక్కువ రోజులు అలాగే ఉంటే పగడం పస్తుతో చనిపోతుంది. చిల్లరు (నీటిని చల్లార్చే యంత్రం) కొనే ముందు ఫ్యాన్ల లెక్క చూశాను.

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 180 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ చల్లార్చాలంటే తీయవలసినది సుమారు 740 కిలోజౌళ్లు. బయటి నుంచి వేడి చేరకపోతే ఒక్క లీటరు ఆవిరి తొట్టెను మూడు డిగ్రీలకు పైగా దించగలదు. ఇంట్లో రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టుల కంప్యూటరు ఫ్యాన్లు అడిగితే, దుకాణదారు ఎందుకని అడిగి తెలుసుకొని, "నీళ్ల మీద పెడతరా సార్? గట్లయితే బాల్ బేరింగ్‌వి తీస్కోండ్రి, స్లీవ్‌వి రెండు నెల్లు గూడ ఆగవు" అన్నాడు. ధర తక్కువని స్లీవ్‌వే తీసుకున్నాను. ఐదో వారంలో రెండు ఆగిపోయాయి. విప్పి చూస్తే ఇరుసు చుట్టూ పిండి అద్దినట్లు తెల్లని ఉప్పు పేరుకొని ఉంది. నాలుగింటినీ తీసేసి బాల్ బేరింగ్‌వి పెట్టాను. అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

అమరిక:

1. రెండు ఫ్యాన్లు తొట్టె మీద, రెండు సంప్ మీద. గాలి నిట్టనిలువుగా కాకుండా నీటి మీదుగా ఏటవాలుగా సాగాలి.
2. గాజు మూత తీసేయాలి. చేప బయటికి దూకకుండా వల తప్పనిసరి. మొదట దోమతెర బిగించాను. గాలి ఆగి ఆవిరి రోజుకు ఒక లీటరు తగ్గింది. 6 మిల్లీమీటర్ల కన్నాల నైలాన్ వల వేశాక తిరిగి పెరిగింది.
3. కంట్రోలరు 26.5 దగ్గర ఫ్యాన్లను వేస్తుంది, 26 దగ్గర ఆపుతుంది.
4. అన్ని వైర్లూ ప్లగ్గుకంటే కిందికి వంపు తిరిగి పైకి వెళ్లాలి, జారిన చుక్క వంపు దగ్గరే నేల మీద పడిపోవాలి. లైనుకు ఇ.ఎల్.సి.బి. (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్చు) ఉండాలి.

ఫలితం: గది 36 ఉన్న రోజున తొట్టె 26.8. ఆవిరి రోజుకు 1.8 లీటర్ల నుంచి 6.1 లీటర్లకు పెరిగింది. మా అమ్మ వంటింటి క్యాలెండరులో పాల లెక్క రాసే గడి పక్కనే ప్రతి లీటరుకూ ఒక నిలువుగీత గీసేది. మే నెల పేజీ నిండా గీతలే.

స్లీవ్ ఫ్యాన్లు 880, బాల్ బేరింగ్ ఫ్యాన్లు 1,400, అడాప్టరు 450, కంట్రోలరు 850, వల 180. ఇప్పటివరకు మొత్తం: రూ. 89,810.

దశ 5: తనంతట తాను నీరు పోసే పరికరం, ఒక రాత్రి (మే)

ఆరు లీటర్లు ఆవిరైతే 35 ఉన్న లవణీయత 36.2 అవుతుంది, రెండు రోజులు నీరు పోయకపోతే 37.5. ఊరికి వెళ్లి ఒక రాత్రి ఆగడం కూడా కుదరదు. అందుకని సంప్‌లో మట్టం తగ్గగానే చిన్న పంపుతో డ్రమ్ములోని ఆర్.ఓ. నీరు పోసే సెన్సరు పెట్టాను. డ్రమ్మును సౌకర్యం కోసం పక్కనున్న అలమారు మీద ఉంచాను. గొట్టం చివరను చప్పుడు రాకుండా సంప్ నీటిలో ముంచాను. డ్రమ్ము ఎత్తులో ఉండడంతో గొట్టం సైఫన్ అయింది: ఒకసారి మొదలైతే పంపు ఆగినా పై నీరు గొట్టం గుండా కిందికి జారుతూనే ఉంటుంది.

మే 19 తెల్లవారుజామున సెన్సరు పంపును ఆపినా నీరు ఆగలేదు. డ్రమ్ములో మిగిలిన 14 లీటర్లూ సంప్‌లోకి దిగాయి. మట్టం పెరిగేసరికి స్కిమ్మర్ కప్పు పొంగి దాదాపు మూడు లీటర్ల మురికి ఉప్పునీరు నేల మీదికి వచ్చింది. లేచి చూసేసరికి లవణీయత 32.5. లెదర్ కోరల్ చేతులన్నీ ముడుచుకొని మైనపు ముద్దలా ఉంది.

మొదట ఉప్పు కలిపి పోద్దామని గిన్నె తీశాను, తీసి ఆగాను. లోపలికి వచ్చినది మంచినీరు. నేల మీద పడిన మూడు లీటర్లలోది తప్ప ఉప్పంతా తొట్టెలోనే ఉంది. నీరు పోసే పరికరాన్ని ఆపి ఫ్యాన్లను నడవనిస్తే, ఎక్కువైన నీరు రెండు రోజుల్లో ఆవిరైపోతుంది. అలాగే చేశాను. మూడో రోజు ఉదయం 34.4. ఆ రోజు మంచినీటికి బదులు 35 పి.పి.టి. ఉప్పునీరు మూడు లీటర్లు పోస్తే 35కు చేరింది. ఉప్పు నేరుగా వేసి ఉంటే మూడో రోజుకు మళ్లీ 37 దాటేది.

మార్చినవి: డ్రమ్మును నేల మీదికి, సంప్ మట్టంకంటే కిందికి దించాను. గొట్టం చివరను నీటికి ఐదు సెంటీమీటర్ల పైన బిగించాను, చప్పుడు వచ్చినా సరే. డ్రమ్ములో ఒకసారికి 10 లీటర్లకు మించి నింపడం లేదు, ఎందుకంటే ఎంత ప్రమాదం జరిగినా లోపలికి చేరేది ఆ పదికి మించకూడదు.

పరికరం 3,200. ఇప్పటివరకు మొత్తం: రూ. 93,010.

దశ 6: కరెంటు (మే చివర)

ఈదురుగాలి వానకు మూడున్నర గంటలు కరెంటు పోయింది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి ముందు చేపలకు ప్రమాదం. బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు కొన్నాను, ఇవి కరెంటు పోగానే వాటంతట అవే మొదలవుతాయి. ఫ్యాన్లు 12 వోల్టులవే కాబట్టి పాత బైకు బ్యాటరీకి తగిలించాను.

పంపులు 1,800. ఇప్పటివరకు మొత్తం: రూ. 94,810.

దశ 7: వానాకాలం (జూలై – ఆగస్టు)

ఇక తేలికైన నెలలు వచ్చాయని అనుకున్నాను. ఆగస్టు మొదటి వారంలో గది 30 డిగ్రీలు, మే కంటే ఆరు డిగ్రీలు తక్కువ. తొట్టె మాత్రం 28.4. ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి, ఆవిరి మూడు లీటర్లు దాటడం లేదు. కంట్రోలరు చెడిందని ఒకసారి, సెన్సరు తప్పని ఒకసారి మార్చి చూసి నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

కారణం గాలిలోని తేమ. దీనిని కొలవడానికి ఖర్చు లేదు: మామూలు థర్మామీటరు బొడిపెకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను ముందు ఐదు నిమిషాలు పెట్టాలి. అది ఏ అంకె దగ్గర ఆగుతుందో, ఫ్యాన్లు తొట్టెను అంతకు దిగువకు ఎంత తిరిగినా తీసుకుపోలేవు. పంపుల వేడి, లైటు వేడి కలుస్తాయి కాబట్టి ఆ అంకెను అందుకోవడం కూడా కష్టమే. మే నెలలో గది 36 ఉన్నప్పుడు తడిగుడ్డ 21.6 చూపింది. ఆగస్టులో గది 30 ఉన్నప్పుడు 26.8. వానాకాలంలో కూలరు ముందు కూర్చుంటే ఒళ్లు జిగటబారడం తప్ప చల్లగా ఉండకపోవడానికి కారణం కూడా ఇదే.

అందుకని చల్లార్చే ప్రయత్నం పక్కన పెట్టి, లోపలికి చేరే వేడిని తగ్గించే పని పట్టాను.

1. రిటర్న్ పంపు 38 వాట్లది. దాని వేడి దాదాపు అంతా నీటిలోకే పోతుంది. 18 వాట్ల డి.సి. పంపు పెట్టాను. రోజుకు 0.48 యూనిట్ల వేడి తగ్గింది, అంటే 0.7 లీటరు ఆవిరి చేసే పనికి సమానం.
2. లైటును 10 గంటల నుంచి 8 గంటలకు తగ్గించి, సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి వరకు మార్చాను.
3. తొట్టె ఆవిరి గదిలోనే నిలిచిపోయి తేమను పెంచుతోంది. దోమల భయంతో మూసి ఉంచిన కిటికీని జాలీ బిగించి తెరిచి, ఎదుటి గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను వేశాను. గది తేమ 82 నుంచి 71 శాతానికి దిగింది.

నాలుగో రోజుకు తొట్టె 27.3. ఈ మూడింటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది కిటికీయే. చిల్లరు కొనలేదు.

పంపు 5,400. ఇప్పటివరకు మొత్తం: రూ. 1,00,210.

సెప్టెంబరు 14

తడిగుడ్డ 25.1. తొట్టె 26.6. ఆవిరి 4.2 లీటర్లు. లవణీయత 35. ఆల్కలినిటీ వారానికి ఒక డి.కె.హెచ్. దాకా తగ్గుతోంది. వెనుక గాజు మీద పాకుతున్న గులాబిరంగు కోరలైన్ నాచు సున్నం కట్టుకుంటోంది. వంటసోడా 6 గ్రాములు ఆర్.ఓ. నీటిలో కరిగించి రెండు రోజులకు పంచి పోస్తే మళ్లీ 8.3కు వస్తోంది. ఏప్రిల్‌లో ఏడు మొగ్గలున్న జోయాంథిడ్ ముక్కకు ఇప్పుడు 31 ఉన్నాయి.

వచ్చే వేసవికి పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కడదామని అమ్మ అన్నది. మనుషులకు అది హాయిగా ఉంటుంది, నాకూ ఇష్టమే. అయితే తడిక గదిని చల్లబరిచేది గాలికి తేమను చేర్చే కాబట్టి తడిగుడ్డ అంకె కిందికి రాదు, తొట్టె ఆవిరి మాత్రం తగ్గుతుంది. ఎండ గాజును తాకకుండా కిటికీ బయట పొడి వెదురు తెర వేయిస్తే తేమ పెరగదు. కిటికీ కొలత తీసుకున్నాను: 120 × 150 సెంటీమీటర్లు. వట్టివేళ్ల తడిక అమ్మ పడుకునే గది కిటికీకి వేయిస్తాము.